నేను కత్తిరించిన సిడొనీ

నా మొగుడు పరాయి ఆడదాన్ని ముద్దు పెట్టుకుంటే, ఆ ముద్దు ఎన్ని మూరలుందో కొలవడం నా ఉద్యోగం.

పారిస్ పక్కన, మార్న్ నది ఒడ్డున జ్వాంవిల్‌లో మా స్టూడియో. ముందు వైపు అద్దాల కప్పు కింద మాటల్లేని సినిమా బొమ్మలు తీసేవారు. వెనక, ఫిల్ము ఆరబెట్టే షెడ్డు పక్కన, మా అతికింపు గది. ఎనిమిదిమంది ఆడవాళ్ళం. వెలుగున్న అద్దం మీద ఫిల్ము పరిచి, చూసి, కోసి, అంచు గీకి, జిగురు రాసి అతికించేవాళ్ళం. ఆ జిగురుది బేరిపండు వాసన. సబ్బుతో ఎంత తోమినా వేళ్ళను వదిలేది కాదు. కదిలే బొమ్మను మేమెప్పుడూ అక్కడ చూడలేదు. తెర మీద వేసుకుని చూసే గది డైరెక్టర్లకీ యజమానులకీ మాత్రమే. మాకు కనిపించేది తపాలా బిళ్ళంత బొమ్మ, దాని కింద ఇంకో బొమ్మ, దాని కింద ఇంకోటి.

మా ఆయన ఆన్సెల్మ్‌ను పదకొండేళ్ళుగా అలాగే చూస్తున్నాను, యుద్ధానికి పోయిన మూడేళ్ళు మినహాయిస్తే. అతను తూలోన్ వైపు మనిషి. పొడుగు, నల్లటి కనుబొమలు, పడవవాడి భుజాలు. ప్రేమికుడి వేషాలన్నీ అతనివే. నాకు అలవాటైపోయింది. మార్గరీత్‌ను కౌగిలించుకున్నాడు, బ్లాంష్‌ను ఎత్తుకుని మెట్లెక్కాడు. వాళ్ళందరి నడుముల చుట్టూ అతని చెయ్యి చూశాను. చూసి, కోసి, అతికించి, ఇంటికెళ్ళి అతనికి సూపు కాచాను. ఆ చెయ్యి ఎక్కడున్నా అతని కళ్ళు మాత్రం కెమెరా మీదుండేవి. అది చాలు నాకు.

1920 వసంతంలో సిడొనీ వచ్చింది.

ఇరవై రెండేళ్ళ పిల్ల. రువాన్‌లో ఇస్త్రీ దుకాణంలో పనిచేసేదట. రువ్యేర్ గారనే డైరెక్టరు చూసి తీసుకొచ్చాడు. 'ఎగువ లాకు' అని కథ. కాలవ మీద లాకు కాపలాదారు పెళ్ళాం సిడొనీ, సరుకు పడవ నడిపేవాడు ఆన్సెల్మ్. పడవ వచ్చినప్పుడల్లా లాకు తలుపులు నెమ్మదిగా తెరుచుకుంటాయి, ఆ కాసేపట్లోనే వాళ్ళ ప్రేమ.

మొదటి రోజు ఫిల్ము నా బల్ల మీదికొచ్చింది. పరిచాను. ఆన్సెల్మ్ కళ్ళు కెమెరా వైపు లేవు. ఆమె మీదున్నాయి. బిళ్ళ తరవాత బిళ్ళ చూశాను. రెండు మూరల ఫిల్ములో ఒక్కసారి కూడా అతను చూపు తిప్పలేదు. నాకు చెవులు వేడెక్కాయి.

ఆ రోజు ఇంట్లో సూపు పోస్తూ అడిగాను.

"ఎలా ఉంది కొత్తమ్మాయి?"

"ఎవరు, సిడొనీనా? ఉంది."

"ఉంది అంటే?"

"ఉంది అంటే ఉంది. రెండు కాళ్ళు, రెండు చేతులు. ఏంటే నీ గొడవ?"

"మొదటి సీను పదకొండుసార్లు తీశారంటగా."

"మబ్బు పట్టింది. వెలుగు లేదు."

"పదకొండుసార్లూ మబ్బేనా?"

అతను చెంచా కింద పెట్టి నావైపు చూశాడు. "కావాలంటే వెళ్ళి ఆకాశాన్ని అడుగు" అని మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే అతని రొట్టె మీద పచ్చి వెల్లుల్లి రుద్దడం మొదలుపెట్టాను. వాళ్ళ ఊళ్ళో అది మామూలే, ఇష్టంగా తింటాడు. నేను మామూలు కంటే నాలుగు రెబ్బలు ఎక్కువే రుద్దాను. సిడొనీతో దగ్గర సీన్లున్న రోజు ఆరు. తింటూ కళ్ళు తుడుచుకునేవాడు గానీ వద్దనేవాడు కాదు. "ఇవాళ మీ అమ్మ చేసినట్టు చేశా" అంటే నవ్వి ఇంకో ముక్క తీసుకునేవాడు.

అయినా బల్ల మీదికొచ్చే బొమ్మలు మారలేదు. ఆమె మొహం దగ్గరగా తీసిన ముక్కలు వచ్చాయి. నిజం చెప్పాలంటే అలాంటి మొహం నేను అంతకు ముందు చూడలేదు. అందమని కాదు, ముక్కు కాస్త వంకర, పళ్ళ మధ్య సందు. కానీ పక్కపక్కన ఏ రెండు బిళ్ళలు తీసుకున్నా ఒకేలా ఉండేది కాదు ఆ మొహం. అద్దం మీద వంగి అరగంట ఆమెనే చూస్తూ ఉండిపోయిన రోజులున్నాయి. తరవాత కిటికీ అద్దంలో నా ముప్పై అయిదేళ్ళ మొహం కనపడేది. జిగురుకి పొక్కిపోయిన వేళ్ళు కనపడేవి. ఇంత దగ్గరగా నేనే ఇలా చూస్తుంటే, ఆమె ఊపిరి తగిలేంత దూరంలో నిలబడ్డవాడు ఏమైపోతాడు?

జూన్‌లో రువ్యేర్ గారు లాకు గోడ మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తీయాల్సినవన్నీ అప్పటికే అయిపోయాయి. హాళ్ళకి తేదీలిచ్చేశారు. ఆయన ఆసుపత్రి మంచం మీంచి కబురు పంపాడు: "కథ వరస కాగితం మీదుంది. ఒనొరీన్‌ను అతికించమనండి. ఆమెకి నా పద్ధతి తెలుసు."

ఒనొరీన్ అంటే నేనే. కత్తెర నా చేతికొచ్చింది, అడిగేవాడు లేడు.

వరస మార్చలేదు. కథ పాడు చెయ్యలేదు. సిడొనీని మాత్రం కోశాను. ఆమె తల తిప్పడం మొదలుపెడుతుంది, కళ్ళు మనవైపు వచ్చేలోగా కోశాను. నవ్వు పెదవి చివర మొదలవుతుంది, పళ్ళు కనపడకముందే కోశాను. మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చే ముక్క ఎనిమిది మూరలుంది. ఒక మూర ఉంచాను. కోసిన ప్రతిసారీ కడుపులో చల్లగా ఉండేది. ఆన్సెల్మ్‌ను మాత్రం ముట్టుకోలేదు. అతను పడవ తాడు విప్పడం మొత్తం ఉంచాను, ఒడ్డున కూచుని ఆలోచించడం మొత్తం ఉంచాను, వెళ్ళిపోతూ వెనక్కి చూడడం మొత్తం ఉంచాను.

పక్క బల్ల క్లోతిల్డ్ నా బుట్టలోకి తొంగి చూసింది.

"ఏమే, నీ కత్తెరకి ఆ పిల్లంటే పడదా? అంతా ఆమె ముక్కలే ఉన్నాయి బుట్టలో."

"కాగితం మీద ఎలా ఉంటే అలా చేస్తున్నా."

"కాగితం మీద కోయమనుందా, కసి తీర్చుకోమనుందా?"

నేను ఇంకో ముక్క కోసి బుట్టలో పడేశాను. ఆ సాయంత్రం ఆమె నాకంటే ముందు కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం బెల్‌విల్‌లోని హాలుకి వెళ్ళాను, మా అన్నయ్య బజీల్‌తో. ఆన్సెల్మ్ ఎప్పుడూ జనం మధ్య తన బొమ్మ చూసుకోడు. ఎదురుగా కాఫీ కొట్లో కూచున్నాడు.

బజీల్ చెప్పులు కుట్టేవాడు. మూడో ఏట జ్వరమొచ్చి వినికిడి పోయింది. బడిలో చేతులతో మాట్లాడితే కొట్టేవారట, పెదాలు చూసి అర్థం చేసుకోమని. ఆ దెబ్బలకి వాడికి గది అవతలి మూల మాట్లాడే మాట కూడా కనపడేది. మేమిద్దరం మాత్రం చిన్నప్పటి నుంచీ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం.

నా ఇష్టానికి నేను కోసింది మొదటిసారి కదులుతుండగా చూశాను. సిడొనీ తెర మీద తల తిప్పింది. కళ్ళు రాకముందే బొమ్మ మారిపోయింది. హాలంతా కుర్చీల్లో ముందుకి వంగింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ ఆమె వచ్చింది, నవ్వబోయింది, పోయింది. నా వెనక ఎవరో "అబ్బా!" అన్నారు, చేతికందిన పండు జారిపోయినట్టు. ఆ తరవాత ఆన్సెల్మ్ ఒడ్డున కూచుని ఆలోచించాడు. ఆలోచిస్తూనే ఉన్నాడు. దగ్గులు మొదలయ్యాయి. పైవరస నుంచి ఒకడు అరిచాడు: "ఇంక పోవయ్యా పడవేసుకుని! ఆ పిల్లని రానియ్!"

అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను.

చివరికి వంతెన మీద వీడ్కోలు సీను వచ్చింది. ఇద్దరూ ఒకే బొమ్మలో ఉన్నారు కాబట్టి, అతనికోసం అది పూర్తిగా ఉంచాను. తెర కింద కూచున్న పియానో ఆవిడ మెత్తగా వాయిస్తోంది. 'నువ్వు లేని ఈ నది నాకెందుకు' అని తెర మీద అక్షరాలు. చుట్టూ ఆడవాళ్ళు రుమాళ్ళు తీశారు. సరిగ్గా అప్పుడు బజీల్ పగలబడి నవ్వాడు. తన నవ్వు తనకి వినపడదు కదా, హాలు దద్దరిల్లింది.

ముందు కూచున్న నల్లబట్టల ఆమె గిర్రున తిరిగింది. "సిగ్గులేదా మనిషికి? మొగుళ్ళని యుద్ధంలో పోగొట్టుకుని ఏడుస్తున్నాం ఇక్కడ!"

నేను వాడి తొడ మీద గిల్లాను. వాడు కళ్ళు తుడుచుకుంటూ, తెర వెలుగులో చేతులాడించాడు: "వాళ్ళేమనుకుంటున్నారో తెలుసా?"

ఒక్కో మాటా చెప్పాడు. నుదురుకి నుదురు ఆనించి సిడొనీ అంటోంది: "మొహం అటు తిప్పు మహానుభావా, వెల్లుల్లి కంపుకి చచ్చిపోతున్నా!"

కన్నీళ్ళతో ఆన్సెల్మ్: "ఏం చెయ్యను, మా ఆవిడ పెడుతుంది. తినకపోతే చిన్నబుచ్చుకుంటుంది."

"అయితే ఆవిణ్ణే తెచ్చి వాటేసుకో!"

"తెస్తే నీకంటే బాగానే చేస్తుంది. కాలు తొక్కుతున్నావ్, జరుగు. ఈసారీ పాడు చేశావంటే పన్నెండోసారి తీస్తాడు ఆ ముసలోడు."

నాకు సంతోషం రావాలి కదా. రాలేదు. కళ్ళలో నీళ్ళు పెట్టుకుని ఆ రొట్టె తిన్నవాడి మొహమే కనపడుతోంది. బుట్టలో పారేసిన ఏడు మూరల ఏడుపు కనపడుతోంది.

బయట మెట్ల మీద జనం ఆ పిల్ల పేరేమిటని అడుగుతున్నారు. ఒక ముసలాయన పెళ్ళాంతో అంటున్నాడు: "మొహం సరిగ్గా చూడనే లేదే! మళ్ళీ వెళ్దాం పద." ఆన్సెల్మ్ పేరు ఎవరూ అడగలేదు. అతను కాఫీ కొట్టు గుమ్మంలో నిలబడి, టోపీ చేతిలో పట్టుకుని, అదంతా వింటున్నాడు.

నెల తిరిగేసరికి సిడొనీ మొహం పారిస్ గోడల నిండా అంటించారు. రువ్యేర్ గారు కర్రల మీద నడుచుకుంటూ మా గదికి వచ్చాడు.

"ఇలా ఆకలి తీరకముందే బల్ల దగ్గర్నుంచి లేపాలి జనాన్ని! ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"నేనేం తెలిసి చెయ్యలేదండీ."

"తెలియకుండానే చెయ్యి మరి. ఇకమీదట ఆమె బొమ్మలన్నీ నువ్వే." ఆగి, గొంతు తగ్గించాడు. "ఆన్సెల్మ్‌కి నువ్వే చెప్పు. వచ్చే దాంట్లో అతను సిడొనీ మామగారు."

ముప్పై ఏడేళ్ళవాడికి మామగారి వేషం. ఇంటికెళ్ళి ఆ మాట చెప్పాను. చెప్పాక మిగతాది కూడా దాచలేకపోయాను: అనుమానం, వెల్లుల్లి, కత్తెర, అన్నీ.

అతను సూపు గిన్నె పక్కకి నెట్టాడు.

"కోపం ఆమె మీదైతే, నన్నెందుకే అంతసేపు ఉంచావ్? దద్దమ్మలా ఒడ్డున కూచోబెట్టావ్ నన్ను."

"నిన్ను కోయడానికి చెయ్యి రాలేదు."

"వచ్చుంటే బాగుపడేవాణ్ణి." లేచి కిటికీ దగ్గరకెళ్ళాడు. "ఇస్త్రీ పిల్ల! నిలబడడం నేర్పింది నేను. దాని కళ్ళ వైపే చూస్తూ ఎందుకు ఉండేవాణ్ణనుకున్నావ్? నేను చూపు తిప్పితే చెయ్యాల్సింది మర్చిపోయి కెమెరాని చూసి నవ్వేసేది. ఇవాళ దాని మొహం గోడ మీద, నాది..." అక్కడితో ఆపేశాడు. ఈసారి కుళ్ళు అతనిది. నాకు దాని రంగూ రుచీ తెలుసు కాబట్టి ఓదార్చబోలేదు.

మర్నాడు తూలోన్‌లో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళిపోయాడు.

అతను లేని ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం సిడొనీ మా గదిలోకి వచ్చింది. నా ఎదుట స్టూలు లాక్కుని కూచుంది.

"మీరేనటగా, అక్కా. థాంక్స్ చెబుదామని వచ్చా."

"చెప్పకు" అన్నాను. "నువ్వంటే పడక కోశాను. మా ఆయన్ని ఎగరేసుకుపోతున్నావనుకున్నా."

"ఆయన్నా? ఆ గుర్రప్పళ్ళ..." మాట మింగేసుకుంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఆ కూలబడి ఏడ్చే సీను చేసిన రోజు మా అమ్మ పోయి వారం. అది నిజం ఏడుపు. ఎక్కడుందా ముక్క?"

"పారేశాను."

బుట్ట ఖాళీ చేసి, పైపూతలోని వెండి కోసం గీకేసి, కరిగించడానికి పంపేసి రెండు నెలలైంది. అదీ చెప్పాను. నా వేళ్ళ వైపు చూసింది. తరవాత లేచి, "వచ్చే బొమ్మ కోసేటప్పుడు నన్ను పక్కన కూచోనివ్వండి" అంది. అడిగినట్టు లేదు. సరేనన్నాను.

ఆన్సెల్మ్ మూడు వారాలకి తిరిగొచ్చాడు. మామగారి వేషం వేశాడు. గడ్డం అంటించుకుని, అద్దంలో చూసుకుని, వాళ్ళ నాన్నలా ఉన్నానన్నాడు. బాగా చేశాడు కూడా. ఆ తరవాత తండ్రులు, పాదిరీలు, జైలు అధికార్లు. ఎప్పుడైనా తాగినప్పుడు 'ఎగువ లాకు' మాటెత్తేవాడు. నేను వినేదాన్ని.

ఆరేళ్ళలో సిడొనీవి పద్నాలుగు బొమ్మలు కోశాను, ప్రతిదానికీ ఆమె పక్కన స్టూలు మీద కూచునే ఉంది. ఎప్పుడు ఊపిరి తీసుకుంటుందో, ఎడమ కన్ను కుడిదానికంటే ఎంత ముందు తడుస్తుందో నాకు తెలిసినంతగా ఆమెకి కూడా తెలియదు. 1926లో ఆమె వేరే కంపెనీకి వెళ్ళింది. పోతూ ముద్దు పెట్టి, "అక్కడ కోయడానికి వాళ్ళ మనిషి ఉందట అక్కా, ఏం చెయ్యను" అంది.

అక్కడ ఆమె చేసిన మొదటి బొమ్మ విడుదలైన ఆదివారం ఆన్సెల్మ్‌ను బతిమాలి తీసుకెళ్ళాను. జీవితంలో మొదటిసారి అతను జనం మధ్య కూచున్నాడు. సిడొనీ తెర మీదికొచ్చింది. తల తిప్పింది. కళ్ళు పూర్తిగా మనవైపు వచ్చాయి, ఉన్నాయి, ఇంకా ఉన్నాయి. ఎవరో ఒకామె, నాకు తెలియని ఒకామె, నా సిడొనీని కోయకుండా అలా వదిలేసింది. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. బాగుంది. నాకంటే బాగుంది.

"ఏంటే, గోళ్ళు దిగిపోతున్నాయి" అని ఆన్సెల్మ్ నా చెయ్యి విడిపించుకున్నాడు. నా మొహం చూశాడు. "ఇప్పుడెవరి మీద?"

చెబితే నవ్వుతాడని చెప్పలేదు. బొమ్మ అయ్యాక చివరి అక్షరాల్లో ఆ కత్తెర మనిషి పేరుంటుందేమోనని, దీపాలు వెలిగేదాకా లేవకుండా కూచున్నాను. లేదు. మా పేర్లు వెయ్యరు.