వెనకబడనివ్వని పాట

నా చెల్లెలి కూతుర్ని ఇంట్లో అందరం చిచ్చుబుడ్డి అంటాం. ముట్టించామా, ఇక పని అయ్యేదాకా రవ్వలే. పక్షవాతం వచ్చినవాళ్లు ఇంట్లోనే చేతి వ్యాయామం చేసుకునే యాప్ ఒకటి వాళ్ల ఆఫీసులో తయారవుతోందట.

"మావయ్యా, సంగీతం నువ్వే కట్టాలి" అంది.

నాటకాలకీ ప్రకటనలకీ బాణీలు కట్టి బతికినవాణ్ణి, కాదంటానా! అందులోనూ అప్పటికి నా భార్య కుడిచెయ్యి పడిపోయి నెల కూడా కాలేదు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశాం. కాజాలు కుట్టడంలో ఆవిడ చెయ్యి చూసి తోటి దర్జీలే ముక్కున వేలేసుకునేవారు. ఆ చెయ్యి మళ్లీ సూది పట్టుకోవాలి. మా ఇద్దరికీ అదొక్కటే ధ్యాస.

ఒక్కో వేలినీ బొటనవేలికి తాకించడానికి సరిపడా, మొదలూ చివరా ఉన్న బాణీ కట్టి, రికార్డు చేసిచ్చాను. నెల తిరక్కుండానే చిచ్చుబుడ్డి ఇంకోటి పట్టుకొచ్చింది. అందులో ముందే కట్టిన పాటంటూ లేదు. చేతికి తొడుగు వేసుకుని వేలు కదిపితే, ఆ కదలికని బట్టి యాప్ అప్పటికప్పుడు స్వరాలు అల్లుతుంది. రెండింట్లో ఏది ఉంచాలో తేల్చడానికి అత్తయ్య చేతికే తొడుగు వేసింది.

నా బాణీకి మా ఆవిడ రెండో వేలు దగ్గరే వెనకబడింది. "ఏం తొందరండీ మీ పాటకి? రైలేమైనా వెళ్లిపోతోందా?" అని తొడుగు విసిరికొట్టింది. రెండోదానికి మాత్రం ముఖం వికసించింది. వేలు ఆగితే స్వరమూ ఆగింది, వణికితే ఆ వణుకు కూడా గమకంలా వినిపించింది. చెయ్యి పడిపోయాక ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. నా బాణీ పోతే పోయింది.

"ఇదే పెట్టవే" అన్నాను. మనసులో చివుక్కుమంది, నిజమే. కానీ ఆ నవ్వు ముందు నా బాణీ ఏపాటిది?

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని గంటసేపు వాయించేది. అవును, వ్యాయామం అనడం మానేసి వాయించడం అనే అనేవాళ్లం. "అత్తయ్యంతసేపు ఎవరూ చెయ్యట్లేదు మావయ్యా!" అని చిచ్చుబుడ్డి మురిసిపోయేది. ఆఫీసులో వాళ్లు చూసిందీ అదే, ఎవరు ఎంతసేపు చేస్తున్నారన్నది.

అలా ఆరు నెలలు గడిచాక, నిన్న ఫిజియోథెరపీ డాక్టరమ్మ మా ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది.

"మొదట్లో ఎలా ఉందో అలాగే ఉందమ్మా. చెయ్యి తొందరగా కోలుకునే మొదటి నెలలు అయిపోయాయి. ఇక ఎంత కష్టపడినా కొంచెమే."

"రోజూ చేశాను కదా డాక్టరమ్మా! అంత చక్కగా వినిపించేది కదా!" అంది మా ఆవిడ.

అప్పుడు తెలిసింది నాకు. చక్కగా వినిపించడమే మా కొంప ముంచింది. వేలు సగంలో ఆగినా పాట సరిపెట్టుకుంది. తప్పయ్యిందని ఒక్కనాడూ అనలేదు.

కబురు విని చిచ్చుబుడ్డి పరుగెత్తుకొచ్చి, గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. తిడదామని నోటిదాకా వచ్చింది. ఎలా తిడతాను? ఇదే పెట్టమన్నవాణ్ణి నేనే కదా.

ఇవాళ పొద్దున మా ఆవిడ తొడుగు పక్కన పడేసి, "మీది పెట్టండి" అంది.

పెట్టాను. రెండో వేలు దగ్గర మళ్లీ వెనకబడింది. చూడలేక, వేగం తగ్గిద్దామని చెయ్యి చాచాను. ఎడంచేత్తో ఒక్కటి వేసింది.

"ముట్టుకోకండి. ఎక్కడ వెనకబడ్డానో విననివ్వండి."

పాట అయిపోయింది. ఆవిడ చిటికెన వేలు ఇంకా దారిలోనే ఉంది. అది వణుక్కుంటూ, ఆగుతూ బొటనవేలి వైపు రావడం ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తాకకుండానే వాలిపోయింది.

"బాగానే చేస్తున్నాననుకున్నానండీ ఇన్నాళ్లూ" అంది.