తలుపుకి ఈ పక్క

"వంటింటి తలుపేసుకోమ్మా, చల్లదనమంతా లోపలికి లాగేస్తోంది!" హాల్లోంచి అత్తగారు కేకేసింది.

చేతులు రెండూ ఖాళీ లేక కోడలు కాలితో తలుపు తోసింది. తలుపు పడగానే వేడి మీదపడింది. మెడ మీది చెమటకాయలు చురుక్కుమన్నాయి.

అవతల భర్త తన స్నేహితుడికి ఇల్లు చూపిస్తున్నాడు. పాత ఇళ్లలో కరెంటు వాడకం తగ్గించాలని ప్రభుత్వం పెట్టిన పథకం కింద ఆ ఇంటి గోడలకి బయటి వేడిని ఆపే మందపాటి పలకలు బిగించారు, కిటికీలకి జంట అద్దాలు వేశారు.

"ఏసీ కట్టేసినా చాలాసేపు చల్లగా ఉంటుందిరా. అసలు ఈ పథకం పనిచేసిందో లేదో తేల్చేది మా ఆవిడే. ఇంట్లోనే ఆఫీసరుంది, ఇంకేం కావాలి!" అని గొప్పగా నవ్వి, "టీ ఏమైందే?" అని అరిచాడు.

ఆఫీసరు టీ వడగట్టింది.

పలకలు మనుషులు నివసించే గదులకే అని పథకంలో రాసి ఉంది. ఆ వాక్యం ఆఫీసులో ఎన్నోసార్లు చదివింది, ఏనాడూ పట్టించుకోలేదు. పనివాళ్లు ఇంటికొచ్చినప్పుడు మాత్రం "మరి వంటింటికో?" అని అడిగింది. "అక్కడెవరుంటారు?" అన్నాడు భర్త, నవ్వుతూనే. తనూ నవ్వింది. మొగుడి మాటకి నవ్వడం అలవాటైపోయి నవ్వేసింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు అతనికన్నా తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

స్నేహితుడు వచ్చి వెళ్లిన వారంలోనే పథకం ఫలితం చూడటానికి ఆఫీసువాళ్లు పాత క్వార్టర్లకి వెళ్లారు. "మీటర్లూ కెమెరాలూ మేం చూసుకుంటాం, నువ్వు ఆడవాళ్లతో కబుర్లాడు," అన్నాడు పై అధికారి. మగవాళ్లంతా గోడలకి వేడి చూపించే కెమెరా గురిపెడుతుంటే, ఆమె రెండో అంతస్తులోని ఒక టీచరుతో ఆవిడ వంటింట్లో నిలబడింది.

"హాలు చల్లగా ఉంది మేడమ్, కాదనను. సెలవొస్తే మా ఆయన అక్కణ్ణించి కదలడు. మా మామగారైతే మంచమే అక్కడికి మార్పించుకున్నారు. నేను తలుపు తీస్తే మాత్రం అందరూ ఒక్కసారే అరుస్తారు. వంట చేసేటప్పుడు మూసుకోవాలని మీవాళ్లే చెప్పారట."

"మరి మీరు?"

"నేనా?" ఆ మాట తననెవరూ ఎప్పుడూ అడగనట్టు టీచరు ఆమెవైపు చూసింది. "మొన్న ఇక్కడే కళ్లు తిరిగి పడిపోయాను. తెలివొచ్చాక పిలిచాను. ఎవరూ రాలేదు. తలుపేసుంది కదా మేడమ్, వినబడలేదట."

మిగతా ఇళ్లలోనూ అదే కథ. పడిపోయినవాళ్లు లేరు గానీ, గోడ పట్టుకుని నిలబడ్డవాళ్లున్నారు. మీటర్లు తగ్గిన మాట నిజమే. ఆమె నివేదికలో అదీ రాసింది, వంటిళ్ల సంగతీ రాసింది. వంటిల్లు కలపకపోతే ఈ పథకం విఫలమైనట్టేనని చివర తేల్చింది.

పై అధికారి చదివి కాగితాలు బల్ల మీద పడేశాడు. "వాడకం తగ్గిందా, లేదా?"

"తగ్గింది సార్."

"మరింకేం? ఇంటి గోలలు మనకెందుకమ్మా? వంటింట్లో ఎవరైనా ఎంతసేపుంటారు?"

"మీ వంటింట్లో మీరెంతసేపుంటారు సార్?"

అతని మొహం మాడిపోయింది.

సాయంత్రం ఆమె చెప్పులు విప్పకముందే భర్త అందుకున్నాడు. "మీ సార్ ఫోన్ చేశాడు."

"ఆఫీసు పనికి మీకెందుకు చేశాడు?"

"నువ్వు వినట్లేదట, కాస్త నచ్చజెప్పమన్నాడు. ఆ వంటింటి పేరా తీసెయ్. పెద్దవాళ్లతో పెట్టుకుంటే ఎక్కడికో బదిలీ చేసేస్తారు. అప్పుడు ఈ ఇల్లెవరు చూస్తారు?"

"మేమంతా పొయ్యి ఊదుకుంటూ బతకలేదా?" అంది అత్తగారు, కుర్చీలోంచి లేవకుండానే. బతుకంతా పొయ్యి దగ్గర గడిపాక ఇన్నాళ్లకి ఆవిడకి హాల్లో కుర్చీ దొరికింది. దాన్ని నిలబెట్టుకోడానికి ఎవర్నైనా లోపలికి తోసి తలుపేస్తుంది. ఆమెకి జాలేసింది. జాలితో పాటే అసహ్యమూ వేసింది.

"తీయను. ఇంకో ఇల్లు కలుపుతున్నాను," అంది ఆమె.

"ఎవరిది?"

"మనది."

"మతిపోయిందా? మనింటి గుట్టు ప్రభుత్వ కాగితాల్లోకెక్కిస్తావా?"

"మీ పేరు రాయన్లెండి. ఇంటి యజమాని అని రాస్తాను."

అతను గొంతు పెంచాడు. వంటెప్పుడని అత్తగారు అడిగింది. ఆమె వంటింటివైపు వెళ్లకుండా హాల్లో బల్ల దగ్గర కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. పై అధికారి సంతకం పెట్టడని తెలుసు. తన సంతకంతోనే పంపుతుంది. బదిలీ చేస్తే వెళ్తుంది, ఒక్కతే వెళ్తుంది. ఆ ఆలోచన ఇంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు.

"ఆ గదిలో వారు ప్రతిరోజూ," అని ఉన్న వాక్యం దగ్గర ఆగింది. 'వారు' కొట్టేసి, 'మేము' అని రాసింది.