ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు

మళ్ళీ రెండూ కదిలాయి, పిలిచింది ఎర్రదాన్ని కదా, నీలందెందుకు బయల్దేరినట్టు, సీతారామాంజనేయులు రిమోటు మీద వేలు ఆపి బల్ల నిండా పరిచిన బొమ్మ రైలు పట్టాల వంక విసుగ్గా చూశాడు, కిటికీలోంచి మామిడి పూత వాసన, సాయంత్రం శ్యామ్ సుందర్ వస్తాడు, ఏటా పూత మీదే తోటంతా కౌలుకి తీసుకునే మనిషి, ఈసారి తమ్ముడు కృష్ణకాంత్ అడ్డం తిరిగాడు, నా సగం నేనే చేసుకుంటానన్నయ్యా, కాయ కోసి నేనే అమ్ముకుంటాను అన్నాడు పొద్దున కాఫీల దగ్గర, తలెత్తకుండా, మామిడంటే మాటలనుకున్నావేంట్రా, తేనెమంచు పురుగు పట్టిందంటే పూతంతా మాడిపోద్ది అంటే, నువ్వెప్పుడూ ఇదే అంటావు అని సగం కాఫీ వదిలేసి లేచిపోయాడు, ఎప్పుడూ ఎదురు చెప్పనివాడు.

ఈ బొమ్మ రైలు పాత మీటతోనూ ఇదే గొడవ, పట్టాల్లోకి కరెంటు వదిలితే పైనున్న ఇంజన్లన్నీ పరిగెత్తేవి, ఒకదాన్ని ఆపాలంటే దాని కింద పట్టాకి కరెంటు తీసెయ్యాలి, లైటు కూడా ఆరిపోయి చచ్చినట్టు పడుండేది, అందుకేగా ముచ్చటపడి ఈ డిజిటల్ రిమోటు తెప్పించింది, కరెంటు ఎప్పుడూ అన్నిటికీ ఉంటుంది, ఏ ఇంజను నంబరు దానిది, పిలిస్తేనే పలుకుతుంది, మరి ఇవేంటి, దాంతో వచ్చిన కాగితం తీసి చదివితే, ఓరి నా తెలివి తెల్లారా, కొత్తవన్నీ మూడో నంబరుతోనే వస్తాయట, వేరే నంబరు మనమే ఇచ్చుకోవాలట, పట్టాల మీద నీలందాన్ని ఒక్కదాన్నే పెట్టి ఏడో నంబరు ఇచ్చాడు, ఎర్రదాన్నీ మళ్ళీ ఎక్కించి మూడంటే అదొక్కటే వెళ్ళింది, నీలంది దీపం వెలిగించుకుని నిలబడింది, ఏడనగానే ఎంత నెమ్మదిగా, ఎంత నాజూగ్గా కదిలిందో, సంతోషించాల్సింది పోయి పొద్దున తమ్ముడు వదిలేసి లేచిన సగం కాఫీ గుర్తొచ్చింది.

ఏవండీ, శ్యామ్ సుందర్ గారొచ్చారు, కింద నుంచి భార్య వరలక్ష్మి, అప్పుడేనా, ఇంకా పొద్దు కూడా వాలలేదు, తోటంతా ఎప్పట్లాగేనాండీ అంటాడు, ఊఁ అంటే చాలు, తమ్ముడు కిక్కురుమనడు, రేపటినుంచి మాట్లాడడు కూడా, వాడి మంచికేగా, పురుగు, మంచు, గాలివాన, అవన్నీ వాడి చెట్లనే వెతుక్కుంటూ వస్తాయా ఏం, నష్టపోతే తను ఆదుకోడా, మరెందుకీ దడ, మెట్లు దిగాడు, శ్యామ్ సుందర్ లేచి నమస్కారం పెట్టాడు, నా సగం వరకేనండీ, మిగతాది తమ్ముణ్ణి అడగండి అన్న మాట నోరు దాటాక గాని తెలిసిరాలేదు, ఇన్నేళ్ళూ తను భయపడింది వాడు చెడిపోతాడని కాదు, తను లేకుండానే బాగుపడతాడని.