తడి ఇసుక మీద సైకిలు

ఊళ్లోవాళ్లకి కారు నడపడం నేర్పడమే మా ఇంట్లో అందరి పనీ. స్కూలు పెట్టింది మా ఆయన, ఇప్పుడు నడిపేది మా అబ్బాయి. ఆడవాళ్ల బ్యాచ్ మా కోడలిది. నేను ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ల వివరాలు రాసుకుంటాను, కాళ్లు వణికేవాళ్లకి మంచినీళ్లిచ్చి, "ఏం కాదమ్మా, చాలా తేలిక" అని ధైర్యం చెబుతాను. నాకేం తెలుసు నా మొహం! నాకు సైకిలు తొక్కడం కూడా రాదు.

రాక కాదు, రానివ్వక. పెళ్లయిన కొత్తలో మా ఆయన సరదాపడి నన్ను కారెక్కించారు. నేను తిన్నగా తీసుకెళ్లి గేటుకి కొట్టాను. నేర్చుకోడానికి వచ్చినవాళ్లందరి ముందూ, "నీ వల్ల కాదులే, దిగు" అన్నారు. అందరూ నవ్వారు. సిగ్గు కప్పిపుచ్చుకోడానికి నేనూ నవ్వాను గానీ లోపల కుతకుత ఉడికిపోయాను. ఆ ఉడుకు ఇన్నేళ్లయినా చల్లారలేదు.

మొన్న పిల్లల సెలవుల్లో స్కూలుకి తాళం వేసి, అందరం సముద్రం పక్కనున్న ఓ చిన్న ఊరెళ్లాం. ఎనభై దాటిన మా అత్తగారు కూడా చేతికర్ర పట్టుకుని బయల్దేరారు. అద్దెకి తీసుకున్న ఇల్లు ఇసుకని ఆనుకునే ఉంది. గుమ్మం దిగితే పాదాలు కూరుకుపోతాయి. ఎవరికీ ఏ పనీ లేదు. మా ఆయన వరండాలో పేపరు మొహం మీద కప్పుకుని గురక పెట్టేవారు. అబ్బాయీ కోడలూ నీళ్లలోంచి బయటికొచ్చేవాళ్లు కాదు. మా మనవరాలు, ఎనిమిదేళ్లది, మేం పిడుగు అని పిలుస్తాం, ఇల్లంతా గాలించి వెనక షెడ్డులోంచి ఓ పాత సైకిలు బయటికి లాక్కొచ్చింది.

"నాకు కాళ్లు అందట్లేదు. నువ్వు తొక్కు నానమ్మా, నేను వెనక కూర్చుంటా."

"నాకు రాదే."

పిడుగు కళ్లు ఇంతింత చేసుకుంది. "మనది డ్రైవింగ్ స్కూలు కదా!"

చురుక్కుమంది నాకు. "ఆ, అయితే ఇవాళే నేర్చుకుంటా, పద" అన్నాను.

ఆ మాట విని ముగ్గురు గురువులూ పరిగెత్తుకొచ్చారు. ఆయన సీటు పట్టుకున్నారు, అబ్బాయి హ్యాండిలు పట్టుకున్నాడు, కోడలు పక్కనే పరుగు. "ముందుకి చూడు!" అని ఆయన. "పెడల్ చూసుకో అమ్మా!" అని వాడు. "భుజాలు వదులుగా పెట్టండత్తయ్యా!" అని ఆ అమ్మాయి. తల ప్రాణం తోకకొచ్చింది. నేను ఎడమకి తిప్పితే అబ్బాయి కుడికి తిప్పుతాడు. కాస్త ఊపందుకునేసరికి ఆయన వెనక్కి లాగుతారు. అలవాటు మరి! మా కార్లలో నేర్పేవాళ్ల కాలి కింద కూడా ఓ బ్రేకు ఉంటుంది. జన్మంతా దాన్ని తొక్కిన మనిషికి ఇక్కడ తొక్కడానికి ఏమీ దొరకలేదు, అందుకని నన్ను లాగారు. నలుగురం ఒకళ్ల మీద ఒకళ్లం కుప్పకూలాం.

"ఈ వయసులో ఎముక విరిగితే అతుక్కోదమ్మా. ఇక చాలు" అన్నాడు అబ్బాయి.

మా ఆయన ఇసుక దులుపుకుంటూ, "నేనప్పుడే చెప్పాగా, నీ వల్ల కాదని" అని నవ్వారు.

ఒళ్లు మండిపోయింది. "లాగింది మీరైతే నా వల్ల కాకపోవడమేంటి?" అని అరిచాను.

"సరే సరే, తప్పు నాదే" అన్నారు, చంటిపిల్లని ఊరుకోబెట్టినట్టు. దానికంటే పోట్లాడినా బాగుండేది.

వంటింట్లోకి పోయి గిన్నెల మీద పడ్డాను. ఎందుకు దాచడం, ఏడ్చాను కూడా. నాకు కారొద్దు, విమానమొద్దు. ఎవరి చెయ్యీ నా మీద లేకుండా, ఒక్కసారి, నా అంతట నేను నడపాలి. చచ్చేలోగా అదొక్కటీ జరగకపోతే ఆ "దిగు" అన్న మాటే మిగిలిపోతుంది నాకు.

మా అత్తగారు కర్ర టకటకలాడించుకుంటూ లోపలికొచ్చారు. "గిన్నెలు మనవి కావే తల్లీ, సొట్టలు పడితే ఇంటివాళ్లు ఊరుకోరు" అని, నా పక్కన చతికిలబడ్డారు. "నీ మొగుడికి నడక నేర్పింది నేనే. పట్టుకుని నేర్పాననుకున్నావా? పడితే పడనిచ్చాను. ఆ సంగతి వాడికి గుర్తుండదు కదా! రేపు వీళ్లు లేవకముందే పోదాం పద."

తెల్లవారేసరికి సముద్రం వెనక్కిపోయి ఉంది. తడి ఇసుక గట్టిగా, చదునుగా, కనుచూపు మేర పరుచుకుంది. కోడలిని అడిగి తెచ్చుకున్న ప్యాంటు తొడుక్కున్నాను. అత్తగారికి కుర్చీ వేశాను. ఆవిడ కూర్చుని కొంగు సర్దుకుని, "నిన్ను పట్టుకునే ఓపిక నాకు లేదు. నీ పాట్లు నువ్వు పడు. ముందు తొక్కకు, సీటు మీద కూర్చుని కాళ్లతో నేలని తోసుకుంటూ పో" అన్నారు.

తోసుకుంటూ పోయాను. దబ్బున పడ్డాను.

"దెబ్బ తగిలిందా?"

"లేదత్తయ్యా."

"మరి లేవడానికి ముహూర్తం పెట్టాలా?"

లేచాను. మళ్లీ పడ్డాను. నోట్లో ఇసుక, మోచెయ్యి గీరుకుపోయింది, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. కోపమొచ్చి సైకిలుని ఓ తన్ను తన్నాను, నా కాలే నొప్పెట్టింది. అత్తగారు పగలబడి నవ్వుతుంటే ఆ ఉక్రోషంతోనే మళ్లీ ఎక్కాను. తోస్తూ తోస్తూ ఉంటే కాళ్లు నేలకి ఆనే అవసరం తగ్గుతూ వచ్చింది. ఒకసారి ఎత్తిన కాళ్లు ఎత్తినట్టే ఉండిపోయాయి. పెడల్స్ వాటంతటవే పాదాల కిందకొచ్చాయి. తొక్కాను. సైకిలు కదిలింది. ఇంకా తొక్కాను. ఇంకా కదిలింది!

"అత్తయ్యా!" అని కేక పెట్టాను.

"నన్ను చూడకు, ముందు చూడు!" అని అంతకంటే పెద్ద కేక.

సైకిలు వెనక్కి తిప్పుకుని రావడానికి సగం ఒడ్డు పట్టింది. కానీ వచ్చాను. పడకుండా వచ్చాను. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు.

ఆ కేకలకి ఇల్లంతా లేచినట్టుంది. మొదట పిడుగు బయటికి దూకింది. "నానమ్మ తొక్కుతోందోచ్!" అబ్బాయి నోట్లో బ్రష్షుతో నిలబడిపోయాడు. కోడలు చప్పట్లు. మా ఆయన మాత్రం నిద్రమొహంతో, చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చి, సరిగ్గా నా దారికి అడ్డంగా రెండు చేతులూ చాపుకుని నిలబడ్డారు.

"భయపడకు! నేను పట్టుకుంటా! నెమ్మదిగా, నెమ్మదిగా!"

గంట కొట్టాను. కదల్లేదు.

"జరగండి!"

"నా మాట విను, పడతావు..."

"పడితే లేస్తాను! ఏవండీ, పక్కకి జరగండి!"

వెనకనుంచి మా అత్తగారు, "దారికి అడ్డు లేవరా, చవటా!" అని కర్ర ఎత్తారు.

ఆయన నా మొహం చూశారు. నా చేతుల కేసి చూశారు. అవి వణకడం లేదు. చాపిన చేతులు మెల్లగా దించి, ఒక అడుగు పక్కకి వేశారు. నేను ఆయన్ని దాటుకుని వెళ్లిపోయాను. అబ్బ, ఆ గాలి! చెబితే అర్థమయ్యేది కాదు. గట్టిగా నవ్వొచ్చింది, నవ్వేశాను, అరవై దాటిన మనిషిని, ఆ ఒడ్డంతా వినిపించేలా.

వెనక అడుగుల చప్పుడు వినిపించింది. మళ్లీ పట్టుకోడానికొస్తున్నారేమోనని జోరు పెంచాను. ఆ చప్పుడు ఆగిపోయింది. ఆయన గొంతు వినబడింది, రొప్పుతూ, నవ్వుతూ.

"శభాష్! ఒప్పుకున్నానే, ఒప్పుకున్నాను! ఎక్కడిదాకా పోతావు?"

"తెలీదు!" అని అరిచాను, వెనక్కి తిరగకుండానే. "నా కోసం కూర్చోకండి, మీరంతా టిఫిన్ చేసెయ్యండి!"