కెమెరా కంటికి ఆనని ఆటో

ఇంజనీరింగ్ పిల్లలకు ప్రాజెక్టులు అమ్మేవాణ్ణి దొంగ అంటున్నారు. సరే, వాడి దగ్గరికి పిల్లల్ని తోలిన వాళ్లనేమనాలి? కాలేజీలు పెట్టిన పెద్దలారా, దొంగతనం మీ ఇంట్లోనే మొదలైంది. ల్యాబు కట్టారు, తాళం వేశారు. తనిఖీ వాళ్లొచ్చిన రోజున కంప్యూటర్ల మీది గుడ్డలు తీశారు, వాళ్లు బిర్యానీ తిని వెళ్లగానే మళ్లీ కప్పారు. నాలుగేళ్లు బట్టీ పట్టించి, ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు మీరే చేసుకు రండి అన్నారు. ఈత నేర్పకుండా బావిలోకి తోసి, గట్టు మీద తాడు అమ్మేవాడి అడ్రసు చేతిలో పెట్టారు. ఇంకా ఎవరిని వెతుకుతారు దొంగల కోసం?

అట్లా బావిలో పడ్డవాళ్లలో అనుపమ ఒకతె. ఊరవతల ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె చదువు. ఇల్లు బల్కంపేట సందులో అద్దె వాటా. పొద్దున్నే తండ్రి ఓదెలు తన ఆటోలో అమీర్‌పేట మెట్రో కింద దింపితే, అక్కడ కాలేజీ బస్సు పట్టుకుంటుంది. దారిలో ఎక్కిన ప్రతి గిరాకీకీ ఓదెలు చెప్పే కబురు ఒకటే, తన బిడ్డ ఇంజనీర్ అవుతున్నదని. ఆ మాట విన్నప్పుడల్లా అనుపమ ముఖం రోడ్డు వైపు తిప్పుకునేది. ప్రాజెక్టు వైవాకు బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు. ఫైలు దాటి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, తన బండారం బయటపడుతుంది. వైవా పోతే డిగ్రీ ఆగిపోతుంది. డిగ్రీ లేనివాళ్లను ఏ ఇంటర్వ్యూలోనూ గేటు దాటనివ్వరు.

ఆమెకు జోడీ సుమశ్రీ. భీమవరం పిల్ల, అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో ఉంటుంది. నీళ్ల పప్పును, ఆరిపోయిన చపాతీని రోజూ తిట్టుకుంటూనే తింటుంది. ఇద్దరికీ గైడు ఫణీంద్ర సార్. గైడంటే పేరుకే. ఆయన చేసిన సాయమల్లా ఫలానా సెంటర్‌కి వెళ్లి ఒక టైటిల్ ఎంచుకోండి అని చెప్పడం. క్లాసంతా అదే సెంటర్‌కి పోయింది. పక్క కాలేజీల క్లాసులూ అక్కడికే వచ్చాయి.

ఆ సెంటర్ అమీర్‌పేట మెయిన్ రోడ్డు వెనక, లిఫ్టు చెడిపోయిన బిల్డింగులో పై అంతస్తు. ప్లైవుడ్ గోడలతో చేసిన అరల్లో బ్యాచికో అర. నడిపేది వంశీధర్. అనుపమ వాళ్లు తీసుకున్నది కెమెరాతో రోడ్డు మీది బండ్లను లెక్కపెట్టి, రద్దీని బట్టి సిగ్నల్ మార్చే ప్రాజెక్టు. సెంటర్ వాళ్లు ఫైలు బైండు చేసి ఇస్తారు, వైవాకు ముందు ఎక్స్‌ప్లనేషన్ క్లాసు కూడా చెప్తారు. అంటే ఏ ప్రశ్నకు ఏ జవాబు అప్పజెప్పాలో నేర్పుతారు. ఎంత కరెక్టుగా లెక్కపెడుతుందని అడిగితే తొంభై ఆరు శాతం అనాలి. వంశీధర్ అనిపించాడు, వీళ్లు అన్నారు. ప్లైవుడ్ గోడ అవతల నుంచి కూడా తొంభై ఆరు అనే వినిపించింది. సుమశ్రీ లేచి తొంగి చూసింది. అవతల వేరే కాలేజీ పిల్లలు, అదే టైటిల్, అదే వీడియో.

అది ఏదో పరాయి దేశపు వీడియో. బండ్లన్నీ కుడివైపున, పెళ్లి పందిట్లో కుర్చీల్లా వరసగా పోతున్నాయి. ఒక్క హారన్ లేదు, ఒక్క ఆటో లేదు. ఇది మన రోడ్డు మీద పనిచేస్తుందా అని అనుపమ అడిగింది.

వంశీధర్ ముఖం చిట్లించాడు. "ఏంటమ్మా, నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతారు? మీకు కావాల్సింది మార్కులా, రోడ్డా?"

ఆ మాట అనుపమకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు ఇద్దరూ పంజాగుట్ట మెట్రో స్టేషన్ మెట్ల మీద నిలబడి ఫోన్లో ట్రాఫిక్ వీడియో తీశారు. ఆ టైముకు అటుగా రమ్మని అనుపమ తండ్రికి ముందే చెప్పింది. ఓదెలు ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, దువ్వుకుని మరీ వచ్చాడు. సిగ్నల్ పడితే సరిగ్గా కెమెరా కిందే ఆగి, పైకి చూసి చెయ్యి ఊపాడు.

ఆ వీడియోను సెంటర్ వాళ్లిచ్చిన ప్రోగ్రాముకు పెట్టారు. బస్సు చుట్టూ గీత పడింది, కారు చుట్టూ పడింది, బైకుల చుట్టూ పడింది. ఆటోలను మాత్రం అది పోల్చుకోలేదు. కొన్నింటిని కారంది, ఒకదాన్ని లారీ అంది, మిగతావి దాని కంటికి ఆననే లేదు. నడిమధ్యన ఓదెలు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆయన బండి చుట్టూ ఏ గీతా పడలేదు.

సుమశ్రీ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏంటి అనూ, మీ నాన్నగారు అసలు రోడ్డు మీదే లేరట."

అనుపమకు నవ్వు రాలేదు. ఇంటికెళ్లి తండ్రికి చూపించింది. ఓదెలు ఫోను దగ్గరికి తీసుకుని చూశాడు.

"చలాన్ ఏసేటప్పుడు మస్తు కనిపిస్త గద బిడ్డా," అన్నాడు. "గా కెమెరాను తెచ్చి పెట్టరాదు?"

అప్పటిదాకా మొక్కుబడిగా ఉన్న ప్రాజెక్టు ఆ మాటతో ఆమె సొంతమైంది. ఆటో ఎట్లా ఉంటుందో యంత్రానికి ఎవరూ చూపించలేదు, అందుకే దానికి తెలియదు. అయితే మనమే చూపిద్దాం అనుకున్నారు. ఫొటోలు తీసి, ప్రతి ఆటో చుట్టూ చేత్తో గీత గీసి, ఇది ఆటో అని రాయాలి. కాలేజీ బస్సులో గీశారు, హాస్టల్ మెస్సులో పప్పు చల్లారుతుంటే గీశారు, ఇరానీ హోటల్లో టీ పెట్టుకుని వెయిటర్ లెమ్మనేదాకా గీశారు. ఎట్లా నేర్పాలో నెట్‌లో చూసి చూసి, సగం అర్థమయ్యీ సగం కాకా చేశారు. కళ్లు మూసుకుంటే ఆటోలే కనబడేవి. చివరికి ఓదెలు బండి చుట్టూ గీత పడింది. పడింది గానీ, పక్కనున్న టిఫిన్ సెంటర్ పసుపు బోర్డు చుట్టూ కూడా పడింది. బోర్డును కూడా ఆటో అనుకుంది. మొత్తం కలిపి చూస్తే లెక్క సగానికి సగం తప్పు.

ఫణీంద్ర సార్‌కు చూపిస్తే మండిపడ్డాడు. ఫైల్లో ఉన్నదే చెప్పండి, తొంభై ఆరు చెప్పి బయటపడండి, ఎక్కువ తెలివి చూపిస్తే మునిగేది మీరే అన్నాడు. బెదిరింపే అయినా అందులో అబద్ధం లేదు. బట్టీ చెప్తే దొరికిపోతామేమో, నిజం చెప్తే ఫెయిలవుతామేమో. వైవా నాటి పొద్దున ఆటోలో అనుపమ ఫైల్లో ఒకే పేజీ తెరిచి పట్టుకుని కూర్చుంది. ఆ పొద్దున ఓదెలు గిరాకీలకు కబురు చెప్పలేదు.

ఎక్స్‌టర్నల్ కమలకుమారి మేడమ్. నెరిసిన జుట్టు, నీరసించిన ముఖం. పొద్దుటి నుంచి అదే సెంటర్ ఫైళ్లు తిరగేసి తిరగేసి విసిగిపోయి ఉంది. వీళ్లు లోపలికి రాగానే ఫైలు తెరవకుండానే అడిగింది.

"మీది కూడా తొంభై ఆరేనా అమ్మా?"

పక్క కుర్చీలోంచి ఫణీంద్ర సార్ కళ్లు ఉరిమాడు. సుమశ్రీ బల్ల కింద అనుపమ వేలు పట్టుకుంది. అనుపమకు సిగ్నల్ దగ్గర చెయ్యి ఊపుతున్న తండ్రి గుర్తొచ్చాడు.

"ఫైల్ల అదే ఉన్నది మేడమ్," అంది. "మన పంజాగుట్ట రోడ్డు మీద పెడితే సగమే వచ్చింది."

మేడమ్ కళ్లజోడు తీసింది. "అంటే ఈ ప్రాజెక్టు మీది కాదా?"

"కొన్నది అమీర్‌పేటల మేడమ్. ఆటోలు మాత్రం మావి."

ఫణీంద్ర సార్ తేలు కుట్టిన దొంగలా సీలింగ్ ఫ్యాను వైపు చూస్తున్నాడు. మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుని చూపించమంది. చూపించారు. టిఫిన్ బోర్డు దగ్గరికి రాగానే ఆపి, ఇది ఆటో ఎలా అయిందని అడిగింది. ఎక్కడా బట్టీ పట్టని ప్రశ్న అది. అయినా అనుపమకు జవాబు వెతుక్కోవాల్సిన పని పడలేదు. మేం చూపించిన ఫొటోలన్నీ పట్టపగలు మెట్రో మెట్ల మీద నుంచి తీసినవి, పైనుంచి ఆటో పసుపు తప్ప ఇంకేం కనబడదు, అందుకే పసుపంటే ఆటో అని నేర్చుకుంది, కింద నిలబడి కూడా తీయాల్సింది అని చెప్పింది. పసుపు వస్తువులను ఆటోలు కావని వేరేగా చూపించాల్సిందని సుమశ్రీ అందుకుంది. ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పారు. మేడమ్ అడుగుతూనే పోయింది. ఎప్పుడు భయం పోయిందో ఇద్దరికీ తెలియదు.

చివరికి మేడమ్ కళ్లజోడు పెట్టుకుంది. "ఇవాళ నాకు నిజం లెక్క చెప్పింది మీరిద్దరే. ఇంక దిగులు పడకండి, పాసయ్యారు," అని ఫణీంద్ర సార్ వైపు తిరిగింది. "మీ ల్యాబు ఒకసారి చూడాలండీ. తాళం తెప్పించండి."

తాళం ఎవరి దగ్గరుందో ఫణీంద్ర సార్‌కు తెలియదు.

బయటికొచ్చి సుమశ్రీ మెట్ల మీదే కూలబడి నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ భీమవరానికి ఫోన్ చేసింది. అనుపమకు మాత్రం ఒక్కసారిగా ఆకలి వేసింది. ఎన్నాళ్ల తర్వాతో నిజమైన ఆకలి. ఇద్దరూ క్యాంటీన్లో రెండేసి సమోసాలు తిన్నారు.

సాయంత్రం అమీర్‌పేటలో బస్సు దిగేసరికి ఓదెలు గిరాకీని ఎక్కించుకోకుండా నిలబడి ఉన్నాడు. బిడ్డ ముఖం చూడగానే అర్థమైపోయింది. ఏమీ అడగకుండా బండి తీశాడు. ఇంటివైపు పోకుండా పంజాగుట్ట వైపు తిప్పి ఫ్లైఓవర్ ఎక్కించాడు. ఎందుకు బాపూ అంటే గాలి కోసమన్నాడు. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. ఉద్యోగం ఇంకా రాలేదు, ఎప్పుడొస్తుందో తెలియదు. అమీర్‌పేట స్తంభాలన్నింటికీ కొత్త కోర్సుల బోర్డులు వేలాడుతూనే ఉన్నాయి. వాటి సంగతి రేపు చూడొచ్చు. గుండెల మీది బండ దిగిపోయింది.

"ఇగ నా బండి కనిపిస్తదా?" అన్నాడు ఓదెలు.

"కనిపిస్తది బాపూ. టిఫిన్ సెంటర్ సుత నీ బండే అనుకుంటది."

"అయితే మంచిదే. ఇంకో బండి అయినట్టే."

ఇద్దరు పిల్లలు గట్టెక్కారు. కెలకొద్దన్నదాన్ని కెలికారు, ఒక అలసిపోయిన మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది, అందుకే గట్టెక్కారు. వీళ్ల వెనక వరండాలో నిలబడ్డ మిగతా బ్యాచులు ఇంకా తొంభై ఆరు వల్లె వేస్తూనే ఉన్నాయి. ఆ పిల్లలు తెలివితక్కువ వాళ్లేం కాదు. వాళ్ల ముందు ఒక్క కంప్యూటర్ మీది గుడ్డయినా తీసిన పాపాన ఎవరూ పోలేదు.

కాబట్టి యాజమాన్యాలారా, కమిటీ వేస్తాం, పరిశీలిస్తాం అనకండి. ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉందో ఇవాళే వెతకండి. ల్యాబు తలుపు తీయండి, పక్కన నిలబడి నేర్పే మనిషిని పెట్టండి, జీతం ఆపకుండా ఇవ్వండి. మూడో ఏడు పిల్లలు జూన్‌లో ఆఖరి ఏడుకు వస్తారు. వాళ్లను అమీర్‌పేట మెట్లెక్కించారో, ఈసారి వైవాకు కూర్చోవలసింది మీరే. వచ్చి చెప్పండి, మీ కాలేజీలో చదువు ఎంత శాతమో.