గాజుపెట్టెలో లాగుడుచెక్క

ద్రెనోవియా శాసనసభలో ఒక మనిషి నోరు మూయించడానికి ఎంతసేపు పడుతుందో నేను కళ్ళారా చూశాను. ఒక్క తుమ్ము తుమ్మినంతసేపు. అదీ జలుబు లేనివాడి తుమ్ము.

జులై నెల. పైన సందర్శకుల వరండాలో నేనూ స్తోయా కూర్చున్నాం. స్తోయా నాకు మరదలు, చనిపోయిన మా తమ్ముడి భార్య. నలభై ఏళ్ళు ఉప్పుమడుల్లో నిలబడ్డ మనిషి కాబట్టి మెత్తటి కుర్చీలో కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ కదులుతోంది. కింద సభలో మా పక్క లోయ సభ్యుడు లేచి, "స్లాన్‌కా ఊరి ఉప్పుమడుల గురించి..." అన్నాడు. ఎత్తు కుర్చీలోని స్పీకరు గంట కొట్టాడు. మైకు చచ్చింది. సభ్యుడి పెదవులు ఒడ్డున పడ్డ చేప నోరులా ఆడుతున్నాయి గానీ మాట లేదు.

"అనుకూలురు, వ్యతిరేకులు, బిల్లు నెగ్గింది," అన్నాడు స్పీకరు ఒకే ఊపిరిలో. ఎవరు చెయ్యెత్తారో చూడనైనా లేదు. అప్పుడు అతను కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

ఆ బిల్లు మా మెడకు బిగిసిన తాడు. సెప్టెంబరులో మరియమ్మ పుట్టినరోజు పండగలోగా ఏ మడిలోంచి ఉప్పు తియ్యరో ఆ మడిని జనం వదిలేసినట్టు లెక్కట. వదిలేసిన మడులన్నీ డబ్బున్నవాళ్ళ పడవలకు రేవు కట్టే కంపెనీకి పోతాయట. ఉప్పు తియ్యాలంటే సముద్రం లోపలికి రావాలి. సముద్రం వచ్చే తూముకు జూన్‌లోనే మరమ్మతులని చెప్పి తాళం వేశారు. తాళం పక్కన ఐదుగురు పోలీసుల్ని కూర్చోబెట్టారు. ముందు గొంతు నొక్కి, తర్వాత ఊపిరి తియ్యడం లేదని కేసు పెట్టినట్టు.

"బావా, ఆ కుర్చీలో ఉన్నది మన గోయ్‌కోయేనా?" అంది స్తోయా నా చెవిలో.

"వాడే."

"మరి మెడ ఏదీ?"

నేనూ వెతికాను. కనపడలేదు. ఎన్నిక గెలిచినప్పుడల్లా ఆ కుర్చీని జానెడు ఎత్తు పెంచుతారని రాజధానిలో చెప్పుకుంటారు. ఇప్పుడది ఎంత ఎత్తంటే, కింద వాన పడుతోందో లేదో వాడికి ఒక బంట్రోతు మెట్లెక్కి వెళ్ళి చెప్పాలట. నేను నమ్మలేదు. ఆ రోజు చూశాక, జానెడు కాదు మూరెడేమో అనిపించింది.

గోయ్‌కో వ్రానిచ్ మా స్లాన్‌కా ఊరివాడు. వాళ్ళమ్మ వాణ్ణి మడి గట్టు మీద కన్నది. పురుడు పోసింది మా అమ్మ. మా ఊళ్ళో సభ ఎలా జరుగుతుందో చెబితే గానీ వాడి కథ అర్థం కాదు. అందరూ చెప్పులు విడిచి మడిలోకి దిగాలి. ఉప్పు లాగే చెక్క ఒకటి, పొడుగాటి కర్రకు అడ్డపలక కొట్టింది, చేతులు మారుతూ ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది. మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు. చెక్క అందించే మనిషి మాత్రం సొంత మాట ఒక్కటీ మాట్లాడకూడదు. ఆఖరి మనిషి మాట అయ్యేదాకా ఆ ఉప్పునీళ్ళలోనే నిలబడాలి. నీళ్ళు మడమల పగుళ్ళలో నిప్పులా మండుతాయి. అందుకే మా సభల్లో సొల్లు తక్కువ.

గోయ్‌కో పంతొమ్మిదో ఏట చెక్క అందించడం మొదలుపెట్టాడు. ఉన్నదున్నట్టు చెప్పాలి, వాడంత న్యాయంగా అందించినవాణ్ణి నేను చూడలేదు. నత్తివాడికి మొదట ఇచ్చేవాడు, పెద్ద గొంతున్నవాడికి చివర. వెనకటి కాంట్రాక్టరు మీద సమ్మె చేసినప్పుడు సభ మూడు రోజులు నడిచింది. మూడు రోజులూ వాడు మడి దిగి ఎక్కలేదు. వాడి కాళ్ళు ఉబ్బి రెండు పుచ్చకాయల్లా తయారయ్యాయి. ఆ కాళ్ళను చూసే కాంట్రాక్టరు భయపడి పారిపోయాడని నేను ఊరూరా చెప్పాను. ఆ కాళ్ళకే ఓట్లు పడ్డాయి. శాసనసభకు పంపాం.

పంపిన రోజున నేనొక వెధవ పని చేశాను. "మన చెక్కను వాడికిచ్చి పంపుదాం, రాజధానిలో మన మాట వినిపిస్తుంది," అన్నాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. తాతల నాటి చెక్క. దాన్ని నేనే వాడి భుజాన పెట్టాను.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు స్లాన్‌కాలో సభ జరగలేదు. నవ్వకండి. చెక్క లేదు, కాబట్టి సభ లేదు. కూలి రేటు తగ్గించారు. "సభ పెడదామా?" "చెక్క ఏదీ?" ఆసుపత్రి ఎత్తేశారు. "సభ పెడదామా?" "చెక్క రాజధానిలో ఉందిగా." అంత తెలివైనవాళ్ళం.

అక్కడ వాడు మొదటి ఏడు మా ఉప్పు గురించి మాట్లాడాడు. నవ్వారు. రెండో ఏడు వాళ్ళతో కలిసి వాడూ నవ్వాడు. మూడో ఏడు పాలకపక్షంలో చేరాడు. ఆరో ఏడు ఉపసభాపతి, తొమ్మిదో ఏడు సభాపతి. నలుగురు ప్రధానులు మారారు, వాడు మారలేదు. ఎవడొచ్చినా వాడికి కావలసింది ఎప్పుడు ఎవరి నోరు మూయాలో తెలిసిన మనిషి. ఆ విద్య మేమే నేర్పాం. ఎవరికి ఎప్పుడు మాట ఇవ్వాలో తెలిసినవాడికి, ఎప్పుడు లాక్కోవాలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

బిల్లు నెగ్గాక మమ్మల్ని తన గదిలోకి పిలిపించాడు. కాఫీ, బాదం బిస్కట్లు. గోడకు గాజుపెట్టె. పెట్టెలో మా చెక్క! కింద ఇత్తడి పలక మీద 'ప్రజావాణి' అని చెక్కించాడు.

"లజార్ మామా, కూర్చో. అత్తా, నువ్వూ కూర్చో," అన్నాడు. వాడి చేతులు తడిపిన రొట్టెలా ఉన్నాయి.

"కూర్చోడానికి రాలేదు రా. చెక్క ఇచ్చెయ్, సభ పెట్టుకోవాలి," అన్నాను.

"అయ్యో, అది ఇప్పుడు జాతి ఆస్తి మామా. జాబితాకెక్కింది. నా చేతుల్లో లేదు. మీరు అర్జీ పెట్టండి, వచ్చే సమావేశాల్లో చూద్దాం."

"తూము తాళం కూడా జాతి ఆస్తేనా?" అంది స్తోయా.

"అత్తా, మీ మంచికే చెబుతున్నా. రేవు వస్తే మీ పిల్లలు తెల్ల చొక్కాలేసుకుని పళ్ళాలు మోస్తారు. ఈ బురద ఎన్నాళ్ళు?"

స్తోయా గోడ దగ్గరకు నడిచింది. గాజుపెట్టె తలుపు తీసి చెక్కను తడిమింది. వాసన చూసింది. మొహం చిట్లించింది.

"వార్నిషు కొట్టించావా?"

"మెరుస్తుందని..."

"ఇది ఇంక ఉప్పును లాగదు రా. జారిపోతుంది," అని తలుపు మూసేసింది. మూసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది, కుళ్ళిన సార్డీను చేపను ముట్టుకున్నట్టు.

ఊరు చేరాక ఎండిన మడుల దగ్గర జనం మా చుట్టూ మూగారు.

"తెచ్చారా?"

"తేలేదు."

"అయితే సభ లేదు," అన్నాడొకడు. అందరూ ఇంటి దారి పట్టబోయారు. అప్పుడు స్తోయా తన పాకలోకి పోయి తన చెక్క తెచ్చింది. రోజూ ఉప్పు లాగేది, అంచులు అరిగిపోయినది. చెప్పులు విడిచి నీళ్ళు లేని మడిలోకి దిగింది.

"స్తోయా, ఆచారం కాదే," అన్నాను నేను. నేనే అన్నాను. "చెక్క ఒక్కటే. తాతల నాటిది. అది లేకుండా..."

"బావా, ఆ చెక్కను చేసిందెవరు?"

"మా ముత్తాత."

"ఏ దేవుడైనా వచ్చి చేశాడా?"

"లేదు. మల్బరీ కొమ్మ నరికి చేశాడు."

"నాదీ మల్బరీయే. నాది రోజూ ఉప్పు తింటోంది. అది గాజులో ముసలిదైంది. ఏది చెక్క, చెప్పు?"

జనంలోంచి ఎవడో, "లజార్ తాత మాట పడిపోయిందిరోయ్! ఈ ఏడు వానలు ఖాయం!" అన్నాడు. నవ్వులు. ఆ నవ్వుల్లోనే ఒకావిడ ఇంటికి పరిగెత్తి తన చెక్క తెచ్చింది. తర్వాత ఇంకొకరు. పొద్దు వాలేలోపు మడి నిండా మనుషులు, మనుషులందరి చేతుల్లో చెక్కలు. అందరి దగ్గరా చెక్క ఉంటే మాట ఎవరిదని కాసేపు కొట్లాడుకున్నాం. మొదట వరసగా మాట్లాడదామని తేలింది. పంతొమ్మిదేళ్ళ మాటలు! ఒక ముసలాయన 'ఆసుపత్రి' అని మొదలుపెట్టి ఏడ్చాడు. ఎవరూ అడ్డు రాలేదు. చివరికి ఒకటే మాట నిలిచింది. నీళ్ళు ఎక్కితే మడికి పద్దెనిమిది రోజుల ఎండ చాలు. తూము తెరవాలి.

ఆగస్టు పదిహేడు, మిట్టమధ్యాహ్నం. నూట అరవై మంది తూము దగ్గరకు నడిచాం. ఐదుగురు పోలీసులు చెట్టు నీడలో అంజూరపళ్ళు తింటున్నారు. వాళ్ళలో ఒకడు మా ఊరి అల్లుడే.

"ఆగండి! ఆర్డరుంది!" అన్నాడు.

"ఉంటే చదువు అల్లుడూ, వింటాం. చేతులు మాత్రం ఖాళీ లేవు," అంది స్తోయా.

వాడు చదువుతూనే ఉన్నాడు. మేం చెక్కల కర్రలు తూము తలుపు కిందికి దూర్చి ఒక్కసారి ఎత్తాం. పదకొండు కర్రలు విరిగాయి. పన్నెండోది విరగలేదు. తాళంతో సహా తలుపు లేచింది. సముద్రం మా కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది, ఆలస్యంగా వచ్చిన చుట్టంలాగా, ఎవరినీ పలకరించకుండా సరాసరి మడుల్లోకి.

మర్నాడు పొద్దున్నే గోయ్‌కో వచ్చాడు. రెండు లారీల పోలీసులు, ఒక కప్తాను, ఒక నల్ల కారు. బురద మీద ఎర్ర తివాచీ పరిచారు, అది తాగేటంత నీళ్ళు తాగి ఊబిలా తయారైంది. వెనక ఇద్దరు బంట్రోతులు గాజుపెట్టె మోసుకొచ్చారు. వాడు గట్టు మీద నిలబడి జేబులోంచి గంట తీసి కొట్టాడు.

"ఇదిగో మీ చెక్క తెచ్చాను. సభ చట్టప్రకారం జరగాలి. నేనే నడుపుతాను. ముందు తూము మూయండి."

మేం మడిలో మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాం.

"నడుపు నాయనా," అంది స్తోయా. "ఆచారం నీకు తెలిసిందే. బూట్లు విప్పి దిగు."

కప్తాను ఆకాశం చూస్తున్నాడు. గోయ్‌కో మమ్మల్ని చూశాడు, బూట్లు చూసుకున్నాడు, చివరికి వంగి విప్పాడు. మేజోళ్ళు కూడా. మా ఊళ్ళో ఓట్లు తెచ్చిన కాళ్ళు! పగులు లేదు, మచ్చ లేదు, పిండిముద్దల్లా తెల్లగా ఉన్నాయి. ఒక కాలు నీళ్ళలో పెట్టాడు. కొత్త బూటు కరిచిన పుండు ఒకటి ఉందేమో, కెవ్వున అరిచి కాలు వెనక్కి లాక్కున్నాడు.

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. నా పక్కనున్నతను నీళ్ళ అవతలకు మొహం తిప్పి ఉమ్మాడు. అంతే.

"అరెస్టు చెయ్యండి!" అన్నాడు గోయ్‌కో ఒంటికాలి మీద నిలబడి. "మాట్లాడేవాళ్ళని అరెస్టు చెయ్యండి!"

స్తోయా తన చెక్క ఎత్తింది. "ఈ మడులు మావి. మేం వదిలెయ్యలేదు," అంది. ఆమెను పట్టుకున్నారు. చెక్క పక్కావిడ చేతికి పోయింది. "మేం వదిలెయ్యలేదు," అంది ఆవిడ. ఆమెనూ పట్టుకున్నారు. చెక్క ముందుకు పోతూనే ఉంది. ఒక పోలీసు చెక్కను లాక్కున్నాడు. ఇంకో చెక్క లేచింది. మడి నిండా చెక్కలే, ఎన్ని లాక్కుంటారు? లారీలు నిండేసరికి నా వంతు వచ్చింది. ముప్పై ఒకటో మనిషిని. నాకు కథలు చెప్పడం వచ్చు గానీ ఆ పూట నోట్లోంచి రెండు ముక్కలే వచ్చాయి. "వాడికి చెక్క ఇచ్చింది నేనే. తప్పు నాది. ఇంక ఎవరికీ ఇవ్వకండి," అన్నాను. లారీ ఎక్కించారు.

లారీ కదులుతుంటే వెనక్కి చూశాను. గాజుపెట్టెను ఎవరూ పట్టించుకోలేదు. నీళ్ళు గట్టు ఎక్కి తివాచీని తేలుస్తున్నాయి. సభాపతి బూట్లు రెండూ చెరో దిక్కుకు పోతున్నాయి. మడిలో మిగిలినవాళ్ళు సభ ఆపలేదు.

ఇప్పుడు జిల్లా జైల్లో మేం నలభై మూడు మందిమి. మగాళ్ళు ఈ పక్క, ఆడాళ్ళు గోడకు ఆ పక్క. మా వార్త విని రాజధానిలో శాసనసభ మెట్ల మీద చెక్కలతో కూర్చున్న విద్యార్థుల్ని కూడా ఇక్కడే తోశారు, వాళ్ళతో కలిపే ఈ లెక్క. మొదట వాళ్ళందరూ ఒక్కసారే అరిచేవాళ్ళు. మేం గంజి తిప్పే చెక్క గరిటె ఇచ్చాం. ఇప్పుడు ఒక్కొక్కరే మాట్లాడుతున్నారు, బాగా మాట్లాడుతున్నారు. వార్డరు రోజూ గరిటె లాక్కుంటాడు. గంజి పొయ్యాలంటే రోజూ తిరిగి ఇవ్వాలి. వాడి బాధ వాడిది.

కానీ మరియమ్మ పండగ దాటి మూడు రోజులైనా ఊరి కబురు లేదు. తూము మళ్ళీ మూశారా? ఉప్పు తీశారా? ఎవరూ చెప్పరు. ఉత్తరాలు రానివ్వరు. రాత్రుళ్ళ సంగతి సరే, పగలే నిద్ర పట్టినట్టు కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళం, ఒకరి మొహం ఒకరు చూడలేక.

ఈ పొద్దున ఊరినుంచి రొట్టెలు వచ్చాయి. వార్డరు ప్రతి రొట్టెనూ విరిచి చూశాడు. ఆకురాయి లేదు, చీటీ లేదు. "తినండి," అన్నాడు.

నేను ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఉప్పు! నాలుక పగిలిపోయేటంత ఉప్పు. పిండిలో సగం ఉప్పే కలిపారేమో. నా పక్కనున్న విద్యార్థి దామ్యన్ తుపుక్కున ఉమ్మబోయాడు.

"మింగు రా," అన్నాను. "కొత్త ఉప్పు. ఈ ఏటిది."

వాడికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత గది అంతా ఆ రొట్టె నములుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా ఎవరూ ఆపడం లేదు. గోడ అవతలనుంచి స్తోయా కేక వినపడింది.

"బావా! తిన్నావా?"

"తిన్నానే!"

"ఎలా ఉంది?"

"ఘోరంగా ఉంది! ఇంకో ముక్క ఉంటే పంపు!"

వార్డరు వచ్చి ఇనుప తలుపు మీద లాఠీతో కొట్టాడు. నిశ్శబ్దం, నిశ్శబ్దం అన్నాడు, అచ్చం గోయ్‌కో గొంతుతో. దామ్యన్ గంజి కుండలోంచి గరిటె తీసుకుని లేచి నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు.