ఎరువెక్కువైన కుంట

నవ్య మహబూబాబాద్‌లో ఇంటర్ చదువుతోంది. అందరిలా లెక్కలూ సైన్సూ కాదు, చేపల పెంపకం. వల వేయడం, నీళ్లు పరీక్షించడం, రోగమొచ్చిన చేపను పట్టి చూడటం, అన్నీ చేతులతో చేసి నేర్చుకునే చదువు. తండాలో ఆ మాట విని నవ్వినవాళ్లే ఎక్కువ. నవ్వనివాడు మేనమామ హీర్యా ఒక్కడే. కొత్తగూడ దగ్గర తన చేనులో తవ్వించుకున్న కుంటలో ఆమె మాట మీదే రవ్వ, బొచ్చె చేపపిల్లలు పోశాడు.

సెలవులకు వచ్చినప్పుడు నవ్య ఆ కుంట గట్టున నిలబడి, "నీళ్లు గింత తేటగుంటే చాపలేం తింటయి మామా? కోళ్ల ఎరువు వెయ్యి, నాచు పుట్టి మేతైతది" అంది.

"ఎక్కువైతదేమో బిడ్డా."

"సార్ చెప్పిండు."

ఎంత వేయాలో కూడా సార్ చెప్పాడు. అది ఆమెకు సరిగా గుర్తు లేదు. లేదని ఒప్పుకోబుద్ధి కాలేదు. హీర్యా ట్రాక్టర్ నిండా తెచ్చి పోశాడు.

ఆమె హాస్టల్‌కు తిరిగొచ్చాక ముసురు పట్టింది. క్లాసులో కరుణాకర్ సార్ చేపల తొట్టి దగ్గర నిలబడి, "ఎండ లేనప్పుడు నీళ్లల్ల గాలి తగ్గుతది. ఎరువెక్కువున్న కుంటల ఇంకా తగ్గుతది. చాపలు ఊపిరాడక సస్తయి" అన్నాడు.

నవ్యకు మామ కుంట గుర్తొచ్చింది. బయటికొచ్చి ఫోను తీసింది. చేస్తే, 'తప్పు చెప్పిన మామా' అనాలి. రేపు ఎండ రాకపోతుందా అనుకొని ఫోను లోపల పెట్టేసింది.

తెల్లారి మామే చేశాడు. "బిడ్డా, చాపలన్నీ మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నయ్!"

"మోటరు పెట్టి కొత్త నీళ్లు వదులు మామా!"

"కరెంటు లేదు."

"అయితే దిగి కొమ్మలతోని నీళ్లు కొట్టుండ్రి, గాలి కలుస్తది. నేనొస్తున్న."

ఆమె బస్సు దిగి వెళ్లేసరికి కుంట అంచు పొడుగునా తెల్లటి పొట్టలు తేలి ఉన్నాయి. అత్త బుజ్జి వాటిని గంపలోకి ఏరుతోంది. హీర్యా నడుములోతు నీళ్లలో వేపకొమ్మతో ఇంకా బాదుతూనే ఉన్నాడు. చూడవచ్చిన వాళ్లతో, "ముసురు ముంచింది. మా పిల్ల చెప్పవట్టి గియ్యన్న మిగిలినయ్" అన్నాడు.

ఆ మెప్పు విని నవ్య గట్టు మీద నిలవలేకపోయింది. కట్టుబట్టలతోనే నీళ్లలోకి దిగి ఆయన దగ్గరికి వెళ్లింది.

"మామా, ఎరువెక్కువైంది. క్లాసుల విన్నప్పుడు నిన్ననే ఎరుకైంది. ఫోను చెయ్యలే."

కొమ్మ ఆగింది. "ఎందుకు?"

"సిగ్గైంది."

హీర్యా "నిన్న కరెంటుండె" అన్నాడు. మళ్లీ బాదడం మొదలుపెట్టాడు.

నవ్య కూడా ఒక కొమ్మ విరుచుకొని అవతలి పక్క కొట్టసాగింది. మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. మోటరు నీళ్లు పడుతుంటే బతికిన చేపలు అటు చేరాయి. అప్పుడామె మామ వింటుండగానే సార్‌కు ఫోను చేసి, జరిగిందంతా చెప్పి, ఏం చేయాలో అడిగింది. అడుగున ఎరువు కుళ్లిన నీళ్లు తోడేయమన్నాడాయన.

హీర్యా లావు పైపు భుజానికెత్తుకొని అవతలి గట్టుకు నడిచాడు. రెండో కొస పట్టుకొమ్మని అనలేదు. నవ్య దాన్ని ఎత్తి పట్టుకొని ఆయన వెనకే వెళ్లింది.